ఇంగ్లండ్ పల్లె దారుల్లో సైకిల్ రూటు వేసుకోవడం ఎలా?

ఇంగ్లండ్‌లో సైకిల్ తొక్కడానికి అన్నిటికన్నా మంచి రోడ్లకు బోర్డు మీద నంబరు ఉండదు. మోటార్‌వేలకు 'ఎం', పెద్ద రోడ్లకు 'ఏ', వాటి తర్వాతి రోడ్లకు 'బీ' అని అక్షరం, పక్కన ఒక అంకె ఉంటాయి. వీటి మధ్యలో ఊరి నుంచి ఊరికి, పొలం నుంచి చర్చికి వంకర్లు తిరుగుతూ పోయే సన్నటి తారు దారులు వేలకొద్దీ ఉన్నాయి. కూడలి దగ్గర ఉన్న బోర్డు మీద పక్క ఊరి పేరు, ఎన్ని మైళ్ళో మాత్రమే రాసి ఉంటుంది. వీటినే లేన్లు అంటారు. ఇలాంటి లేన్లను ఒకదానికొకటి కలుపుతూ, పెద్ద రోడ్డు మీద వీలైనంత తక్కువసేపు ఉండేలా గీసుకున్న గీతే మంచి రూటు. మిగతా విషయాలన్నీ దాని తర్వాతే.

ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. రెడింగ్, స్లౌ, మిల్టన్ కీన్స్, మాంచెస్టర్ లాంటి చోట్ల ఉండే తెలుగువాళ్ళు చాలామంది వీకెండ్‌లో కారు తీసుకుని ఏదో ఒక పేరున్న ఊరికి వెళ్తారు. పార్కింగ్ దొరికాక నాలుగు ఫొటోలు దిగి తిరిగొస్తారు. ఆ ఊరికి రెండు మైళ్ళ అవతల అంతకన్నా అందమైన దారులు ఖాళీగా ఉంటాయి. కారులో వెళ్తే అవి కనిపించవు, కనిపించినా ఆగడానికి చోటుండదు. వాటిని చూడటానికి రేసుల్లో పాల్గొనేవాళ్ళంత బలం అవసరం లేదు. ఒక సాయంత్రం కూర్చుని మ్యాప్ చదవడం నేర్చుకుంటే చాలు.

ముందు స్టేషన్ చూసుకోండి

రూటు ఇంటి గుమ్మం నుంచే మొదలవ్వాలని లేదు. పెద్ద ఊళ్ళో ఉంటే మొదటి గంట ట్రాఫిక్ లైట్ల దగ్గరే పోతుంది. అందుకని రైల్లో సైకిల్ వేసుకుని పల్లె మధ్యలో దిగడం నయం. లండన్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకు సర్రే కొండల కోసం డోర్కింగ్, చిల్టర్న్ కొండల కోసం ప్రిన్సెస్ రిస్‌బరో లేదా వెండోవర్, న్యూ ఫారెస్ట్ కోసం బ్రోకెన్‌హర్స్ట్, కాట్స్‌వోల్డ్స్ కోసం మోర్టన్ ఇన్ మార్ష్ స్టేషన్లు బాగా పనికొస్తాయి. మాంచెస్టర్, షెఫీల్డ్ వాళ్ళకు ఆ రెండు నగరాల మధ్య నడిచే హోప్ వ్యాలీ లైను పీక్ డిస్ట్రిక్ట్ నడిబొడ్డులో దింపుతుంది. లీడ్స్ వాళ్ళకు స్కిప్టన్, సెటిల్ స్టేషన్ల బయటే యార్క్‌షైర్ డేల్స్ మొదలవుతాయి.

సైకిలుకు రైల్లో టికెట్ కొననక్కర్లేదు. అయితే మూడు విషయాలు చూసుకోవాలి. పనిరోజుల్లో రద్దీ వేళల్లో, ఉదయం లండన్‌కు వెళ్ళే, సాయంత్రం లండన్ నుంచి వచ్చే రైళ్ళలో మడతపెట్టని సైకిళ్ళను సాధారణంగా ఎక్కనివ్వరు. దూరప్రయాణపు రైళ్ళలో సైకిళ్ళకు చోటు చాలా తక్కువ, కాబట్టి టికెట్ కొనేటప్పుడే సైకిల్ చోటు కూడా బుక్ చేసుకోండి. మూడోది చాలామంది మరిచిపోయేది. శని, ఆదివారాల్లో పట్టాల పనులు పెట్టి రైలు బదులు బస్సు నడుపుతుంటారు. ఆ బస్సుల్లో మామూలుగా సైకిల్ ఎక్కించుకోరు. ముందు రోజు రాత్రి నేషనల్ రైల్ సైటులో రానూపోనూ రైళ్ళు రెండూ చూసుకోండి. ఫుల్‌టైమ్ విద్యార్థులైతే 16-25 రైల్‌కార్డు తీసుకోండి, టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది.

మీ కాళ్ళకు తగిన నేల

ఇంగ్లండ్ మ్యాప్‌లో చిన్నదే కానీ, యాభై కిలోమీటర్లకు ఒకసారి నేల తీరు మారిపోతుంది. కొత్తవాళ్ళు తూర్పు వైపు వెళ్ళండి. కేంబ్రిడ్జ్, ఈలీ చుట్టూ ఉన్న ఫెన్స్ ఒకప్పటి చిత్తడి నేలలు. 17వ శతాబ్దం నుంచి కాలవలు తవ్వి నీళ్ళు తోడేసి పొలాలు చేశారు. కొన్ని చోట్ల నేల సముద్ర మట్టం కన్నా కిందే ఉంటుంది. ఎక్కడానికి ఏమీ లేదు కానీ గాలికి అడ్డం కూడా ఏమీ లేదు. నార్ఫోక్, సఫోక్ కొంచెం ఎగుడుదిగుడుగా ఉండి, చిన్న చిన్న లేన్లతో నిండి ఉంటాయి. మొదటి అరవై కిలోమీటర్ల రోజుకు నా ఓటు సఫోక్‌కే.

కొంచెం అలవాటయ్యాక సర్రే, చిల్టర్న్స్, కాట్స్‌వోల్డ్స్. సర్రేలోని బాక్స్ హిల్‌ను 2012 లండన్ ఒలింపిక్స్ రోడ్ రేసులో మగవాళ్ళు 9 సార్లు ఎక్కారు. పేరు పెద్దదే గానీ వాలు సగటున 5 శాతమే, గేరు తగ్గించుకుంటే ఎవరైనా ఎక్కేయగలరు. చిల్టర్న్స్‌లో హాంబుల్‌డెన్ నుంచి స్కర్మెట్, ఫింగెస్ట్, టర్విల్ ఊళ్ళ మీదుగా పోయే లోయ దారి రెడింగ్, స్లౌ వాళ్ళకు చేతికందే దూరంలో ఉంది. తల పైకెత్తితే చీలిన తోకతో ఎర్ర గద్దలు తిరుగుతుంటాయి. ఇంగ్లండ్‌లో పూర్తిగా కనుమరుగైన వాటిని 1989లో మొదలుపెట్టి, ముఖ్యంగా స్పెయిన్ నుంచి పిల్ల గద్దలను తెచ్చి ఇక్కడ మళ్ళీ పెంచారు.

డెవన్ విషయంలో జాగ్రత్త. మ్యాప్‌లో పెద్ద కొండలు కనిపించవు, కానీ రోడ్డు రోజంతా రంపపు పళ్ళలా పైకీ కిందికీ పోతూనే ఉంటుంది. లేక్ డిస్ట్రిక్ట్‌లో హార్డ్‌నాట్ పాస్ వాలు కొన్ని చోట్ల 33 శాతం, అంటే మూడు మీటర్లు ముందుకు వెళ్తే ఒక మీటరు పైకి. తడిగా ఉన్నప్పుడు ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ ప్రమాదం. యార్క్‌షైర్ డేల్స్‌లో హాస్ నుంచి త్వైట్ వెళ్ళే బటర్‌టబ్స్ కనుమ అంత నిలువుగా ఉండదు, చూడటానికి మాత్రం దేనికీ తీసిపోదు. 2014లో టూర్ డి ఫ్రాన్స్ లీడ్స్‌లో మొదలైనప్పుడు రేసు ఈ దారినే వెళ్ళింది.

మ్యాప్ మీద పసుపు గీతలు

అసలు పని ఇక్కడుంది. ఆర్డ్‌నెన్స్ సర్వే అనే ప్రభుత్వ సంస్థ వేసే మ్యాపులు రెండు రకాలు. గులాబీ అట్ట ల్యాండ్‌రేంజర్‌లో 2 సెంటీమీటర్లు అంటే నేల మీద ఒక కిలోమీటరు. ఒక్కో షీటు 40 కిలోమీటర్ల పొడవు, 40 కిలోమీటర్ల వెడల్పు నేలను చూపిస్తుంది. ఒక రోజు సైకిల్ ప్రయాణానికి ఇది సరిగ్గా సరిపోతుంది. నారింజ అట్ట ఎక్స్‌ప్లోరర్‌లో అదే నేల రెట్టింపు పెద్దగా కనిపిస్తుంది. ఫోన్‌లో యాప్ ఉన్నా మొదటి రూటు వేసేటప్పుడు కాగితం మ్యాప్ బల్ల మీద పరుచుకోమంటాను. ఫోన్ తెర మీద ఒకేసారి రెండు లోయలు కూడా పట్టవు, ఏ లేను ఎటు తీసుకెళ్తుందో మొత్తంగా అర్థం కాదు.

మ్యాప్‌లో ముందుగా 'ఏ' రోడ్లను చూడండి. అవి మీరు తప్పించుకోవాల్సినవి. నారింజ లేదా గోధుమ రంగులో కనిపించే 'బీ' రోడ్లు ఒక్కోసారి ఒక్కోలా ఉంటాయి. కొన్ని చోట్ల ప్రశాంతంగా, కొన్ని చోట్ల లారీలతో. పసుపు రంగు గీతలే మీ రోడ్లు. పసుపులోనే లావు గీత, సన్న గీత అని రెండున్నాయి. 4 మీటర్ల కన్నా సన్నటి రోడ్డుకు సన్న గీత. అక్కడ రెండు కార్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. సైకిలుకు అంతకన్నా మంచి దారి లేదు. రంగు లేని తెల్ల గీతలను నమ్మకండి. అవి పొలంలోకి పోయే మట్టిదారులు కావచ్చు, ఎవరి ఇంటికో పోయే దారి కావచ్చు.

రోడ్డు మీద బాణం గుర్తులుంటాయి. ఒక బాణం ఉంటే వాలు 14 నుంచి 20 శాతం, రెండు బాణాలుంటే 20 శాతం దాటిందని. బాణం మొన ఎప్పుడూ దిగే వైపు చూపిస్తుంది. కాబట్టి బాణం ఎదురొస్తే ఎక్కాలి, బాణం వెంట వెళ్తే దిగుతారు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చుట్టు రూటును ఏ దిక్కుగా తిరగాలో తేల్చుకోవచ్చు. నిలువు వైపు నుంచి ఎక్కి, మెల్లటి వాలు వైపు నుంచి దిగేలా పెట్టుకోమని నా సలహా. ఎక్కలేకపోతే దిగి నడుస్తారు, అందులో నష్టమేమీ లేదు. నిలువు వాలులో, తడి ఆకుల మీద, మలుపులో బ్రేకు వేయాల్సి రావడమే అసలు టెన్షన్.

ఇప్పుడు పెన్సిల్‌తో స్టేషన్ నుంచి మొదలుపెట్టి పసుపు గీతలను కలుపుతూ ఒక చుట్టు గీయండి. పెద్ద రోడ్డు ఎక్కడో ఒకచోట అడ్డం వస్తుంది. అక్కడ ఆ రోడ్డు వెంట వెళ్ళాల్సిన అవసరం లేకుండా, అటు పక్క లేన్లోకి నేరుగా దాటగలిగే కూడలి వెతకండి. పెద్ద రోడ్డు మీద అర కిలోమీటరు వెళ్ళక తప్పకపోతే, కుడివైపు తిరిగే అవసరం రాకుండా చూడండి. ఇక్కడ కూడా మనలాగే ఎడమ పక్కనే ప్రయాణం కనుక, ఎడమకు తిరగడం తేలిక. కుడికి తిరగాలంటే వేగంగా వచ్చే కార్ల మధ్య రోడ్డు నడిమికి వెళ్ళి ఆగాలి.

కాగితం మీద గీశాక కొమూట్, రైడ్‌విత్‌జీపీఎస్, సైకిల్.ట్రావెల్ లాంటి ఆన్‌లైన్ రూట్ ప్లానర్లలో అదే దారిని గీయండి. సైకిల్.ట్రావెల్ చిన్న రోడ్లను తనంతట తానే బాగా వెతుకుతుంది, కొత్తవాళ్ళకు దాన్నే చెబుతాను. అనుమానం ఉన్న చోట స్ట్రీట్ వ్యూ తెరిచి చూడండి. సైకిలిస్టులు తమ ప్రయాణాలు నమోదు చేసుకునే స్ట్రావా యాప్ హీట్‌మ్యాప్‌లో వెలుగుతున్న గీత అంటే అటు సైకిళ్ళు బాగా వెళ్తాయని. చివరికి మీరు గీసిన రూటు ఉండే జీపీఎక్స్ ఫైలు ఫోన్‌లో దింపుకోండి, మ్యాప్ కూడా ఆఫ్‌లైన్‌లో పెట్టుకోండి. లోయల్లో సిగ్నల్ పోతుంది.

నీలం బోర్డు మీద ఎర్ర గడిలో అంకె కనిపిస్తే అది నేషనల్ సైకిల్ నెట్‌వర్క్ రూటు. 1977లో బ్రిస్టల్‌లో కొద్దిమంది సైకిలిస్టులు మొదలుపెట్టిన సంస్థే తర్వాత సస్‌ట్రాన్స్‌గా ఎదిగి దీన్ని దేశమంతా పరిచింది. మూతపడిన రైలు మార్గాన్ని బ్రిస్టల్ నుంచి బాత్ వరకు 13 మైళ్ళ సైకిల్ దారిగా మార్చడం వాళ్ళ తొలి పని. పిల్లలతో వెళ్ళడానికి ఈ దారి బంగారం. కానీ ఎర్ర గడి ఉన్నంత మాత్రాన ఆ దారి సన్న టైర్ల రోడ్ బైకుకు పనికొస్తుందని అనుకోకండి. కొన్ని భాగాలు కాలవ గట్టు మీద, కంకర మీద, వానాకాలంలో బురదలో పోతాయి. ఎక్స్‌ప్లోరర్ మ్యాప్‌లో ఆకుపచ్చ గీతలతో చూపే ఫుట్‌పాత్‌ల మీద సైకిల్ తొక్కే హక్కు లేదు. గుర్రాల కోసం ఉన్న బ్రైడిల్‌వేల మీద 1968 చట్టం ఆ హక్కు ఇచ్చింది, సన్న టైర్లతో మాత్రం అటు పోవద్దు.

దూరం కాదు, ఎత్తు చూడండి

కిలోమీటర్లను మాత్రమే చూసి ప్లాన్ చేస్తే మధ్యాహ్నానికి దెబ్బ తింటారు. ప్లానర్ చూపించే మొత్తం ఎత్తును దూరంతో పోల్చండి. 10 కిలోమీటర్లకు 50 మీటర్ల లోపు ఎక్కుడు ఉంటే చదును, 100 మీటర్లకు దగ్గరగా ఉంటే మామూలు ఇంగ్లండ్ పల్లె, 150 దాటితే కొండల రోజు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో హైవే మీద వంద కిలోమీటర్లు తొక్కిన అలవాటుందా? కాట్స్‌వోల్డ్స్‌లో మొదటిసారి అరవైకే పరిమితం చేసుకోండి. హైవే మీద ఒకే లయలో పోతారు. ఇక్కడ ప్రతి పది నిమిషాలకు ఆ లయ తెగుతుంది.

గాలిని కూడా లెక్కలోకి తీసుకోండి. ఇంగ్లండ్‌లో ఎక్కువ రోజులు నైరుతి నుంచి వీస్తుంది. బయల్దేరేటప్పుడు ఎదురుగాలి, అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు వెనకగాలి ఉండేలా చుట్టు దిక్కు పెట్టుకోండి. దేశాన్ని అడ్డంగా దాటే సీ టు సీ రూటును అందరూ పడమర నుంచి తూర్పుకు తొక్కేది ఇందుకే. వెలుతురు సంగతి కూడా ఉంది. జూన్‌లో దక్షిణాన రాత్రి తొమ్మిది దాటాక గానీ పొద్దు గూకదు. డిసెంబర్‌లో నాలుగు కాకముందే చీకటి పడుతుంది.

ఒక రూటు, మొదటి నుంచి చివరి దాకా

మాటల్లో చెప్పినదాన్ని కాట్స్‌వోల్డ్స్‌లో వేసి చూద్దాం. మ్యాప్ ఎక్స్‌ప్లోరర్ ఓఎల్45. లండన్ పాడింగ్టన్ నుంచి రెడింగ్, ఆక్స్‌ఫర్డ్ మీదుగా వచ్చే రైలు దిగేది మోర్టన్ ఇన్ మార్ష్. ఊరి మధ్యలో నిటారుగా పోయే రోడ్డు ఏ429. దీని పాత పేరు ఫాస్ వే. ఎక్సెటర్ నుంచి లింకన్ దాకా రోమన్లు వేసిన దారి ఇది. గీత గీసినట్టు ఉంటుంది కాబట్టే కార్లు దీనిమీద వేగంగా పోతాయి. మన రూటంతా ఈ రోడ్డుకు దూరంగా ఉండటానికే.

మోర్టన్ నుంచి చిన్న దారుల్లో బ్లాక్లీ చేరండి. ఒకప్పుడు అక్కడ వాగు నీటితో పట్టు మిల్లులు నడిచేవి. అక్కడి నుంచి బ్రాడ్ క్యాంప్‌డెన్ మీదుగా చిప్పింగ్ క్యాంప్‌డెన్. ఇళ్ళన్నీ తేనె రంగు సున్నపురాతివే. గొర్రెల ఉన్ని అమ్మి సంపాదించిన డబ్బుతో కట్టిన ఊరు ఇది. వీధి మధ్యలో 1627 నాటి సంత మండపం ఇప్పటికీ నిలిచి ఉంది, లోపల నడిచి చూడండి. ఊరు దాటాక డోవర్స్ హిల్ వైపు ఎక్కుడు మొదలవుతుంది. పైకి చేరాక ఏ44ను జాగ్రత్తగా దాటి బ్రాడ్‌వే టవర్ దారి పట్టండి. 18వ శతాబ్దం చివర్లో కట్టిన ఈ బురుజు ఉన్న కొండ ఎత్తు 312 మీటర్లు. ఈ రోజు రూటులో ఎత్తైన చోటు ఇదే. అక్కడ కేఫ్ ఉంది. కాసేపు ఆగండి, వాతావరణం బాగుంటే పడమర వైపు వేల్స్ కొండల దాకా కనిపిస్తుంది.

అక్కడి నుంచి దిగితే స్నోస్‌హిల్. జూన్ చివర, జులై నెలల్లో ఈ ఊరి పక్క పొలాలు లావెండర్ పూలతో ఊదాగా ఉంటాయి. తర్వాత టాడింగ్టన్, ఫోర్డ్, టెంపుల్ గైటింగ్, గైటింగ్ పవర్. ఈ రూటులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. బస్సు టూరిస్టులు ఇటు రారు. రెండు పక్కలా పేర్చిన రాతిగోడలు, వాటి వెనక గొర్రెలు, అప్పుడప్పుడూ ఒక ట్రాక్టర్. నాంటన్ దగ్గర విండ్‌రష్ నది తగులుతుంది. అది దాటి ఎక్కితే అప్పర్ స్లాటర్, లోయర్ స్లాటర్ అనే జంట ఊళ్ళు. అప్పర్ స్లాటర్‌లో రోడ్డు మీదుగానే వాగు పారుతుంది. ఇలాంటి చోట్లను ఫోర్డ్ అంటారు. నీళ్ళ కింద పాచి ఉంటుంది కాబట్టి తొక్కుతూ దాటకండి. పక్కనున్న కాలిబాట వంతెన మీద సైకిల్ నడిపించండి. బోర్టన్ ఆన్ ది వాటర్ ఇక్కడికి దగ్గరే, అయితే ఎండాకాలం శని, ఆదివారాల్లో అటు వెళ్ళవద్దంటాను. ఆ జనంలో సైకిల్ నిలిపే చోటు కూడా ఉండదు.

లోయర్ స్లాటర్ నుంచి లోయర్ స్వెల్, అక్కడి నుంచి స్టో ఆన్ ది వోల్డ్‌కు చివరి పెద్ద ఎక్కుడు. స్టో కొండ నెత్తిన ఉన్న ఊరు, చలిగాలికి పేరుబడింది. అక్కడ చెమట ఆరకముందే జాకెట్ వేసుకోండి. స్టో నుంచి మోర్టన్‌కు ఫాస్ వే నేరుగా పోతుంది, బోర్డు కూడా అటే చూపిస్తుంది. మీరు బ్రాడ్‌వెల్, ఈవెన్‌లోడ్ ఊళ్ళ మీదుగా తిరిగి రండి. కాస్త దూరమే, కానీ దాదాపు అంతా దిగుడు, చదును. మొత్తం 60 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. పొద్దున తొమ్మిదిన్నరకు మొదలుపెడితే ఆగుతూ ఆగుతూ వచ్చినా నాలుగు, నాలుగున్నర రైలు అందుకోవచ్చు.

సైకిల్, సామాను

కొత్త సైకిల్ కొనేముందు మీ ఆఫీసులో సైకిల్ టు వర్క్ స్కీమ్ ఉందేమో హెచ్‌ఆర్‌ను అడగండి. 1999 నుంచి ఉన్న పన్ను రాయితీ ఇది. కంపెనీ సైకిల్ కొని ఇస్తే, ఆ డబ్బు పన్ను వేయకముందే మీ జీతం నుంచి నెలనెలా కట్ అవుతుంది. ఉద్యోగం చేస్తున్న మనవాళ్ళలో దీన్ని వాడుకోనివాళ్ళు చాలామంది ఉన్నారు.

టైర్లు 28 నుంచి 32 మిల్లీమీటర్ల వెడల్పువి పెట్టించుకోండి. అంతకన్నా సన్నవి లేన్ల గుంతల్లో నడుము విరుస్తాయి. వెనక గేరులో పెద్ద చక్రానికి కనీసం 32 పళ్ళుండాలి, 34 ఉంటే ఇంకా మంచిది. ఇక్కడి సైకిళ్ళకు కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. అమెరికా నుంచో యూరప్ నుంచో తెచ్చుకున్న సైకిలైతే ఇది తిరగబడి ఉంటుంది, చూసుకోండి.

రోడ్డు పక్కన పంక్చర్ వేసే మనిషి ఇక్కడ ఉండడు. రెండు ట్యూబులు, టైరు ఊడదీసే లివర్లు, చిన్న పంపు, ప్యాచ్‌లు, ఒక మల్టీటూల్ జీను కింది సంచిలో ఉండాలి. ట్యూబ్ మార్చడం ఇంట్లో ఒకసారి చేసి చూడండి. పంక్చర్లకు ఒక సీజనుంది. పక్షులు గూళ్ళు పెట్టే కాలమని మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా పొదల కంచెలు కత్తిరించకూడదు. ఆ తర్వాత ట్రాక్టర్లతో నరకడం మొదలుపెడతారు, ముళ్ళన్నీ లేన్ల మీద పడతాయి. అక్టోబర్, నవంబర్‌లలో అప్పుడే నరికిన కంచె కనిపిస్తే మెల్లగా రోడ్డు నడిమికి జరగండి.

పొద్దు గూకాక ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, ఎర్ర రిఫ్లెక్టర్ ఉండటం చట్టం. చెట్లు కమ్మిన లేన్లలో మధ్యాహ్నం కూడా చీకటిగా ఉంటుంది కాబట్టి పగలు కూడా వెలిగించుకోండి. హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి కాదు, కానీ నా మాట విని పెట్టుకోండి. సూర్యుడు మెరుస్తున్నా పలచటి వాన జాకెట్ లేకుండా బయల్దేరవద్దు.

తిండి, నీళ్ళు

పల్లె పబ్బుల్లో వంట మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు, రెండున్నర వరకే. మూడింటికి వెళ్తే చిప్స్ పొట్లం తప్ప ఏమీ దొరకదు. కేఫ్‌లు నాలుగుకే సర్దేస్తాయి. భోజనం ఆగే ఊరును రూటుకు సగం దాటాక పెట్టుకోండి, రెండో సగం చిన్నదిగా అనిపిస్తుంది. శాకాహారులకు జాకెట్ పొటాటో, బీన్స్ ఆన్ టోస్ట్, చీజ్ స్కోన్ దాదాపు ప్రతి కేఫ్‌లో ఉంటాయి. ఓట్స్, వెన్న, పాకంతో చేసే ఫ్లాప్‌జాక్ సైకిలిస్టులకు కడుపు నింపే తిండి. జేబులోకి మాత్రం పల్లీ చిక్కీని మించింది లేదు. ఇండియన్ షాపుల్లో దొరుకుతుంది, చాక్లెట్‌లా కరగదు. చిన్న డబ్బాలో పులిహోర పెట్టుకెళ్ళి చర్చి బయట బెంచీ మీద తింటే పబ్ టైముల గొడవే ఉండదు. పబ్‌లో ఏదైనా కొంటే కుళాయి నీళ్ళు ఉచితంగా ఇవ్వాలి, సీసాలు నింపమని అడగడానికి మొహమాటపడకండి.

లేన్ మీద ఎలా తొక్కాలి

ఖాళీ లేన్ అంటే ప్రమాదం లేదని కాదు. రెండు కార్లు పట్టని లేన్‌లో కూడా చట్టప్రకారం వేగ పరిమితి చాలాచోట్ల గంటకు 60 మైళ్ళే. తెల్ల బోర్డు మీద ఏటవాలు నల్ల గీత ఉంటే దానర్థం అదే. ఎత్తైన కంచెల వల్ల మలుపు అవతల ఏముందో కనిపించదు. మీ కంటికి కనిపించే దూరంలో ఆగగలిగే వేగంతోనే వెళ్ళండి.

రోడ్డు అంచుకు నక్కి తొక్కకండి. 2022 జనవరిలో ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకమైన హైవే కోడ్‌ను మార్చారు. నిశ్శబ్దమైన రోడ్ల మీద, ఇరుకు చోట్ల సైకిలిస్టులు లేన్ నడుమ తొక్కవచ్చని, 30 మైళ్ళ వేగం వరకు దాటే కార్లు కనీసం 1.5 మీటర్ల ఎడం ఇవ్వాలని అందులో ఉంది. ఇద్దరు పక్కపక్కన తొక్కడం కూడా తప్పు కాదు. గుడ్డి మలుపులో నడిమికి జరిగితే వెనక కారువాడు తొందరపడి దాటడు. మలుపు అయిపోయాక, చోటున్న దగ్గర పక్కకు తప్పుకుని చెయ్యి ఊపండి. ఆ చిన్న మర్యాద పల్లెల్లో బాగా పనిచేస్తుంది.

గుర్రాల మీద వెళ్ళేవాళ్ళు తరచుగా కనిపిస్తారు. గుర్రానికి సైకిల్ చప్పుడు వినపడదు, హఠాత్తుగా పక్కకొస్తే బెదురుతుంది. దూరం నుంచే "హలో, సైకిల్ వస్తోంది" అని ఇంగ్లీషులో మామూలు గొంతుతో చెప్పండి. వాళ్ళు సరే అన్నాక, మెల్లగా, కుడివైపు నుంచి, బాగా ఎడంగా దాటండి. ఎడమ వైపు నుంచి ఎప్పుడూ దాటకండి.

న్యూ ఫారెస్ట్, డేల్స్ లాంటి చోట్ల పశువులు దాటకుండా రోడ్డుకు అడ్డంగా ఇనుప కమ్మీలు వేసి ఉంటాయి. వాటి మీద హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు వేయకుండా నిటారుగా పోవాలి. తడిగా ఉంటే దిగి పక్క గేటులోంచి నడవండి. సన్న లేన్ల నడిమిలో గడ్డి, కంకర పేరుకుని ఉంటుంది, దిగుడులో దాని మీదికి పోకండి. సఫోక్, నార్ఫోక్‌లలో శరదృతువులో బీట్ దుంపలు తవ్వేటప్పుడు పొలం గేట్ల దగ్గర రోడ్డంతా జారే మట్టి ఉంటుంది. చలికాలంలో పొలాల నుంచి పారిన నీళ్ళు నీడలో గడ్డకడతాయి. రాత్రి సున్నాకు దగ్గరగా పడిపోతే ఆ ఉదయం లేన్లకు వెళ్ళవద్దు.

బయల్దేరేముందు రూటు లింకు, తిరిగొచ్చే టైమ్ ఇంట్లోవాళ్ళకో రూమ్మేట్‌కో వాట్సాప్ చేయండి. ఎమర్జెన్సీ నంబరు 999. 1878లో పుట్టిన సైకిలిస్టుల సంఘం ఇప్పుడు సైకిలింగ్ యూకే పేరుతో ఉంది. సభ్యత్వం తీసుకుంటే మీ వల్ల ఇతరులకు నష్టం జరిగినప్పుడు పనికొచ్చే బీమా కూడా వస్తుంది.

రోజులు దాటే రూట్లు

ఒక్కరోజు రూట్లు అలవాటయ్యాక సీ టు సీ తొక్కండి. ఐరిష్ సముద్రం ఒడ్డున వైట్‌హేవెన్ నుంచి తూర్పు తీరాన టైన్‌మౌత్ లేదా సండర్‌ల్యాండ్ దాకా సుమారు 140 మైళ్ళు. మూడు రోజులు పెట్టుకుంటే హాయిగా అవుతుంది. మధ్యలో 580 మీటర్ల హార్ట్‌సైడ్ ఎక్కుడు పొడుగే గానీ వాలు మెత్తగా ఉంటుంది. కాన్సెట్ నుంచి సండర్‌ల్యాండ్ దాకా పాత రైలు కట్ట మీద దిగుడే. మోర్‌కమ్ నుంచి యార్క్ మీదుగా బ్రిడ్లింగ్టన్ చేరే వే ఆఫ్ ది రోజెస్ 170 మైళ్ళు. అందులో మొదటి సగమే కష్టం. హైదరాబాద్‌లో 200, 300 కిలోమీటర్ల బ్రెవేలు (గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణాలు) తొక్కినవాళ్ళయితే, ఇక్కడ వాటిని నడిపే ఆడాక్స్ యూకే క్యాలెండర్ చూడండి. అవే నియమాలు, లేన్ల మీద.

ఇంటికొచ్చిన రాత్రే ఒక పని చేయండి. రూటు ఫైలు తెరిచి, బాగాలేని రోడ్డును, మంచి కేఫ్‌ను, దారి తప్పిన కూడలిని గుర్తు పెట్టుకోండి. పెద్ద గుంత ఏదైనా తగిలి ఉంటే ఫిక్స్‌మైస్ట్రీట్ సైటులో ఆ చోటు మీద నొక్కి రెండు లైన్లు రాయండి. అది ఆ ప్రాంతపు కౌన్సిల్‌కు చేరుతుంది. ఫొటో ఉంటే జత చేయండి, గుంత పక్కన సైకిల్ చక్రం కనిపించేలా తీస్తే ఎంత లోతో వాళ్ళకు అర్థమవుతుంది.